మధ్యమ మృగములకు సర్వోపయోగియగు తూటా ఏది?

తుపాకి నెరిగినవారి గోష్ఠులలో ఎంతకాలమునకును తెగని వివాద మొకటి కలదు. ఏనుగు, అడవిదున్నవంటి మహామృగములకు తగిన తుపాకి యేదో అందరెరుగుదురు. కుందేలు, కౌజులకు తగినదియు నందరెరుగుదురు. ఈ రెంటికి నడుమనున్న జింక, దుప్పి, కణుజు, మనుబోతు, అడవిపంది మున్నగు మధ్యమ మృగముల కన్నిటికిని ఒక్క తుపాకియు ఒక్క తూటాయు చాలునా? చాలునేని అది యేది? ఈ ప్రశ్నకు ఇద్దరు వేటగాండ్రు ఒకే సమాధానము చెప్పుట అరుదు.

ఈ చర్చతో మనకేమి పని యని పాఠకులలో కొందరు శంకింపవచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మన దేశమున వేటను కట్టుదిట్టము చేసినది. 1991 నాటి సవరణతో, అనుమతిపత్రము పొంది వినోదార్థము వేటాడు పద్ధతియు తుడిచిపెట్టబడినది. ఇది మేలేయని మా యభిప్రాయము. కాని చంపుట యింతటితో ముగియలేదు. మనుష్యప్రాణమునకుగాని, పండిన పైరుకుగాని చేటు కలిగించు కొన్ని జాతుల మృగములను చంపుటకు అధికారులు అనుమతి నొసగవచ్చునని ఆ చట్టము 11వ విభాగమే చెప్పుచున్నది. 62వ విభాగము ననుసరించి కేంద్రప్రభుత్వము ఒక ప్రాంతమున ఒక మృగమును కొంతకాలము చీడజంతువుగా ప్రకటింపవచ్చును. 2015 డిసెంబరులో బీహారునందు మనుబోతును, అడవిపందిని, 2016లో ఉత్తరాఖండమున అడవిపందిని ఇట్లే ప్రకటించిరి. చంపుట చట్టసమ్మతమైన చోట, ఎట్లు చంపవలెనను ప్రశ్న తప్పక పుట్టును. అందుచేత తూటా మాట వేటగాని వినోదముతో మాత్రమే ముడిపడినది కాదు. అది ధర్మముతోడను శాసనముతోడను ముడిపడినది.

మొదట తూటా యననేమో తెలిసికొందము. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించు చిన్న బుడిపె, లోపల మందు, మూతివద్ద గుండు - ఈ నాలుగును కలిసి యొక తూటా. తుపాకి గొట్టపు వ్యాసమునుబట్టి తూటాకు పేరు వచ్చును. .30 అనగా అంగుళములో నూటికి 30 వంతులు. గుండు బరువును గ్రెయినులలో లెక్కింతురు. 7,000 గ్రెయినులు ఒక పౌండు. గుండు బలమును ఆంగ్లేయులు, అమెరికావారు అడుగు-పౌండ్లలోను, ఐరోపాఖండమువారు జౌల్ అను మానములోను చెప్పుదురు. బరువు హెచ్చిన కొలది బలము హెచ్చును. వేగము హెచ్చినచో బలము వేగపు వర్గముచొప్పున హెచ్చును. కావుననే 19వ శతాబ్దము చివర పొగలేని మందు వచ్చినంతట, అరంగుళము వ్యాసముగల సీసపు గుండ్లు వెనుకబడి, సన్నని వేగవంతములగు గుండ్లు ముందునకు వచ్చినవి.

కాని బలము లెక్కలు చూచి మోసపోరాదు. మృగము నేలగూలునది గుండు తాకిడి బరువుచేత గాదు. ఊపిరితిత్తులకు, గుండెకు గలిగిన గాయముచేత. దుప్పి రొమ్ములో ఆ ప్రాణస్థానము ఇంచుమించు 8 అంగుళముల వలయము. ఆ వలయమున దిగిన మధ్యమబలపు గుండు కొలది నిమిషములలో ప్రాణము తీయును. కడుపున దిగిన మహాబలపు గుండు గంటలకొలది చిత్రవధ చేయును. వేటగానికి అగపడకుండ పొదలలోనికి బోయి చచ్చు మృగమే ఈ విద్యలోని పాపమంతయు. కావున తూటాను ఎన్నుకొనువాడు తన్నుదా నడుగవలసిన మొదటి ప్రశ్న, "ఇది ఎంత గట్టిది?" యని కాదు. "దీనితో నేను ఆ వలయమును తప్పక కొట్టగలనా?" యని.

గుండు స్వభావము రెండవ విషయము. మృగమున దిగిన పిమ్మట గుండు ముక్కు పుట్టగొడుగువలె విచ్చుకొనవలెను. విచ్చుకొనియు పగిలి తునుకలు కాక లోతుకు బోవలెను. ఇచట న్యాయశాస్త్ర మెరిగినవారికి వింతగా తోచు సంగతి యొకటి కలదు. కలకత్తా చెంతనున్న డమ్ డమ్ ఆయుధశాలలో 1890 ప్రాంతపు దశాబ్దమున ఇట్టి మెత్తముక్కు గుండ్లు తయారై, ఆ యూరి పేరే వానికి వచ్చినది. 1899 నాటి హేగు ప్రకటన, యుద్ధమున మనుష్యులపై నిట్టి గుండ్లు వాడరాదని శాసించెను. కాని వేటలో మాత్రము, దుప్పిని కొట్టునపుడు మెత్తముక్కు గుండే వాడవలెనని ఇంగ్లండు శాసనము విధించుచున్నది. యుద్ధమున శత్రువును నిలువరించిన చాలును, గాయపడినవానికి వైద్యుడు కలడు. అడవిలో మృగమునకు వైద్యుడు లేడు. ఒకచోట క్రూరమైనదే మరియొకచోట దయ యగుచున్నది.

ఇక పోటీకి నిలిచిన తూటాలను చూతము. జర్మనీలో మౌజరు కర్మాగారము 1892లో వెలువరించిన 7 మిల్లీమీటర్ల తూటా, అనగా 7×57, వీనిలో పెద్దది. దానినే లండనులోని రిగ్బీ సంస్థవారు .275 అను పేర అమ్మిరి. 1907లో చంపావత్ నరభక్షక వ్యాఘ్రమును చంపినందుకు సంయుక్తపరగణాల లెఫ్టినెంటు గవర్నరు జిమ్ కార్బెట్టునకు బహూకరించినది ఈ తూటా వాడు రైఫిలే. స్కాట్లండు వేటగాడు బెల్ ఈ తూటాతోనే ఆఫ్రికాలో వందలకొలది యేనుగులను గూల్చెను. అది తూటా మహిమ యనుకొనుట పొరపాటు. ఏనుగు కపాలమున మెదడు ఎచటనుండునో ఎముక లెరిగి గురిపెట్టిన ఆతని విద్య అది. ఇతరులు అనుకరింపదగినది గాదు. అయినను 140 గ్రెయినుల గుండుతో సుమారు 2,200 అడుగు-పౌండ్ల బలముగల ఈ తూటాకు దుప్పి, అడవిపంది ఏ మాత్రమును బరువు గావు.

స్వీడను, నార్వేలు 1894లో తమ సేనలకై నిర్ణయించిన 6.5×55 దీనికి చెల్లెలివంటిది. స్వీడనులో నేటికిని మూసు అను మహాకాయపు దుప్పిని సైతము దీనితో వేటాడుచున్నారు. గుండు సన్నమైనను పొడవుగా నుండుటచేత లోతుకు బోవును. తుపాకి భుజమును నొప్పింపదు.

అమెరికావారి .30-06 తూటాను 1906లో ఆ దేశపు సేన స్వీకరించినది; పేరులోని 06 ఆ సంవత్సరమే. 150 గ్రెయినుల గుండు సెకండునకు సుమారు 2,900 అడుగుల వేగమున వెడలును; బలము ఇంచుమించు 2,800 అడుగు-పౌండ్లు. 110 గ్రెయినుల తేలిక గుండు మొదలు 220 గ్రెయినుల బరువు గుండు వరకు దీనిలో అమరును. ఒకే తుపాకితో అన్ని పనులును చేయదలచువారు దీనిని మెచ్చుటకు ఇదియే కారణము. 1925లో వచ్చిన .270 తూటా దీని గుల్లను మూతివద్ద నొక్కి చేసినది. 130 గ్రెయినుల గుండు బహువేగముగ, తిన్నగ బోవును. కొండలలో దూరము కొట్టవలసినవారికి అది ప్రీతిపాత్రము. దాని కీర్తిని వ్యాపింపజేసినవాడు అమెరికా పత్రికారచయిత జాక్ ఓకానరు. 1952లో వెలువడిన .308 తూటా గుల్ల .30-06 గుల్లకన్న దాదాపు అరంగుళము పొట్టిది. పని యందు మాత్రము స్వల్పభేదమే. 150 గ్రెయినుల గుండుతో సుమారు 2,650 అడుగు-పౌండ్ల బలము నిచ్చును.

వీనిలో నెన్నుకొనుట కొలమానము వేటగాని భుజమున నున్నది. తుపాకి వెనుకకు తన్నుటను ఎవరును లెక్కలోనికి తీసికొనరు. 8 పౌండ్ల బరువుగల తుపాకిలో 180 గ్రెయినుల .30-06 తూటా సుమారు 20 అడుగు-పౌండ్ల తన్ను తన్నును. 150 గ్రెయినుల .308 తన్ను సుమారు 15. 140 గ్రెయినుల 7×57 తన్ను సుమారు 12 లేక 13. ఈ భేదము కాగితముపై స్వల్పము. భుజమునకు మాత్రము స్వల్పము గాదు. తన్నుకు జంకినవాడు మీట నొక్కు క్షణమున తెలియకయే కన్ను మూయును, చేయి కదల్చును. ఆ కదలికయే గుండును ఊపిరితిత్తుల నుండి కడుపునకు మరల్చును. మహాబలముగల తూటాను కొని సంవత్సరమునకు అయిదారుసార్లు మాత్రము పేల్చువానికన్న, మధ్యమబలపు తూటాతో గురిపలకపై నూరుసార్లు సాధన చేసినవాడు మృగమునకు హితుడు.

దూరము సంగతియు నిట్టిదే. 200 గజములకు గురి సరిచేసిన .308 గుండు 300 గజములయొద్ద 8 లేక 9 అంగుళములు మాత్రమే క్రిందికి వాలును. ఇంతకన్న తిన్నని తూటాలు కలవు. కాని 300 గజములకు ఆవల నిలిచిన మృగమును ఊపిరి బిగబట్టి, గాలి నంచనా వేసి తప్పక కొట్టగలవారెందరు? మన యడవులలో నూరు గజములకు మించి చూపు సాగుటయే యరుదు. సామాన్యునికి చేరువకు బోవు నేర్పు కావలయును గాని, దూరము కొట్టు తూటా కాదు.

వేట చట్టసమ్మతమైన దేశములలో ఒక్క తూటా నెన్నుకొనదలచినవారికి మా తీర్పు యిది. .308 తూటా, 150 మొదలు 165 గ్రెయినులలోపు మంచి గుండు. తన్ను భరింపదగినది, ఏ యూరనైనను దొరకును, మధ్యమ మృగములలో దేనికిని కొరతపడదు. తన్ను బొత్తిగా సరిపడనివారు 7×57గాని 6.5×55గాని తీసికొనినచో నష్టము లేదు. మూసువంటి భారీ మృగములే తరచు తటస్థించువారు .30-06 నెన్నుకొనవచ్చును. ఆ పైబలముగల తూటాలు మధ్యమ మృగములకు అనవసరము.

ఇటీవల చేరిన విచారణ మరియొకటి కలదు. సీసపు గుండు తునుకలు మృగకళేబరమున మిగిలి, దానిని తిను గ్రద్దజాతి పక్షులకు విషమగుచున్నవి. కాలిఫోర్నియా రాష్ట్రము 2013లో చట్టము చేసి, 2019 జూలై 1 నుండి వేటయందు సీసమును పూర్తిగా నిషేధించినది. అచటి కాండరు పక్షుల దుర్గతియే దీనికి ముఖ్యకారణము. రాగి గుండు సీసముకన్న తేలిక. విచ్చుకొనుటకు వేగము కావలయును. .308 వంటి తూటాలు రాగి గుండుతోను చక్కగా పనిచేయును. మందగమనముగల పాతతూటాలకు అంత సులభము గాదు. నేడు తుపాకి కొనువారు ఇదియు నాలోచింపవలెను.

ఈ విచక్షణను వేటగాని యిష్టమునకే విడువక, ఐరోపా దేశములు శాసనరూపమున బిగించినవి. జర్మను వేటచట్టము 19వ విభాగము ప్రకారము, రో అను చిన్న దుప్పిని కొట్టు గుండునకు 100 మీటర్లవద్ద 1,000 జౌళ్ల బలమైన నుండవలెను. అంతకు పెద్ద దుప్పులకు, అడవిపందికి గొట్టపు వ్యాసము 6.5 మిల్లీమీటర్లకు, బలము 2,000 జౌళ్లకు తగ్గరాదు. స్వీడనులో పెద్ద మృగములకు, 10 గ్రాములు లేక అంతకు మించిన గుండైనచో 100 మీటర్లవద్ద 2,000 జౌళ్లు, 9 గ్రాముల గుండైనచో 2,700 జౌళ్లు ఉండవలెను. ఇంగ్లండులో 1991 నాటి దుప్పుల చట్టము సామాన్యముగా .240 అంగుళములకు తక్కువ వ్యాసమును, 1,700 అడుగు-పౌండ్లకు తక్కువ బలమును ఒప్పుకొనదు. ఈ శాసనములన్నియు అడుగు ప్రశ్న యొక్కటే: ఈ తూటా మృగమును త్వరగా చంపునా?

మన దేశపు శాసనము ఈ ప్రశ్న నెన్నడును అడుగలేదు. అది యడిగిన ప్రశ్న వేరు: ఈ తూటావలన ప్రభుత్వమునకు భయము కలదా? 1878 నాటి ఆయుధచట్టపు కాలమున ఆంగ్లప్రభుత్వము తన సేన వాడు .303 తూటాను సామాన్యప్రజల చేతికి రానీయలేదు. సేనయొద్దనుండి దొంగిలింపబడిన తూటాలు తిరుగుబాటుదారులకు పనికివచ్చునేమో యని శంక. పాత మార్టినీ-హెన్రీ తుపాకుల కుపయోగపడునని 1907లో .450 వ్యాసపు రైఫిళ్లను సైతము నిషేధించిరి. ఆ నిషేధము మూలముననే లండను తుపాకి పనివారు .465, .470, .475 అను క్రొత్తతూటాలను కల్పించిరి. మహామృగముల తూటాల సంఖ్య ఇట్లు పెరిగినది; దానికి కారణము మృగములు కావు, రాజభయము.

మధ్యమ మృగముల విషయమునను ఇదే జరిగినది. .303 దొరకని చోట దానికి ప్రతిగా ఆస్ట్రియా సేన వాడిన 8 మిల్లీమీటర్ల మాన్లిషర్ తూటా .315 అను పేర భారతదేశమున అడుగిడెను. బర్మింగ్‌హాము తుపాకి కర్మాగారము దానికై రైఫిళ్లను చేసి పంపెను. స్వాతంత్ర్యానంతరము కలకత్తా సమీపమున ఇషాపూరు కర్మాగారమున .315 రైఫిలు తయారగుచు వచ్చినది. 1959 నాటి ఆయుధచట్టము, 1962 నాటి నియమములు పాతభేదమునే నిలిపినవి; .303, 7.62 సేనాతూటాలను పేల్చగల రైఫిళ్లు నిషిద్ధవర్గమున జేరినవి. మేము పైన మెచ్చిన .308 తూటా 7.62 సేనాతూటాకు కవలవంటిది గనుక మన దేశపు సామాన్యునికి అది అందనిది. అట్లు రాజభయమున పుట్టిన .315 తూటాయే తరతరములుగా మనవారి రైఫిలుగా స్థిరపడినది.

ఆ తూటా చెడ్డదా? కాదు. ఆస్ట్రియా సేన నాటి లెక్కనుబట్టి 244 గ్రెయినుల గుండు సెకండునకు సుమారు 2,000 అడుగుల వేగమున వెడలును. బలము 2,100 అడుగు-పౌండ్లకు పైమాట. నూరు గజములలోపల అడవిపందికైనను మనుబోతుకైనను అది చాలును. మందగమనము గనుక 100 గజములకు గురి సరిచేసినచో 200 గజములయొద్ద ముప్పాతిక అడుగునుండి అడుగువరకు క్రిందికి దిగును. ఆ హద్దు నెరిగి వాడువాని చేత అది దయగల తూటా. హద్దు మరచినవాని చేత క్రూరమైనది. 2019 నాటి సవరణ ఒక్కొక్కరు ఉంచుకొనదగు తుపాకుల సంఖ్యను మూడునుండి రెండునకు తగ్గించినది గనుక, ఒక్క తుపాకితో అన్ని పనులును నెరవేర్చుకొను అవసరము మరింత పెరిగినది.

రైఫిలు గలవాని మాట యిది. రైతు మాటయో? 1959 నాటి చట్టము 13వ విభాగమును చదివినవారికి ఆశ్చర్యము కలుగును. పైరును కాపాడుకొన గోరు రైతునకు అనుమతి నొసగదగినదిగా అది పేర్కొన్నది మూతినుండి మందు దట్టించు నాటుతుపాకిని! దానికి గురి నిలకడ లేదు. గుండునకు వేగము లేదు. రెండవ దెబ్బకు వ్యవధి లేదు. అడవిపంది యొక్క మందమైన భుజపుచర్మము వెనుక ఊపిరితిత్తుల వరకు అది చేరునన్న నమ్మకము లేదు. గాయపడిన పంది పారిపోయి కుళ్లి చచ్చుటయో, తిరిగివచ్చి మనుష్యుని చీల్చుటయో జరుగవచ్చును. నాటుతుపాకి రాజ్యమునకు భయము కలిగింపదు గనుక చట్టము దానిని ఒప్పుకొనినది. మృగమునకు కలుగు బాధయు, రైతునకు కలుగు ప్రమాదమును లెక్కకు రాలేదు.

ఆయుధచట్టము ఎవరు కాల్చవచ్చునో చెప్పుచున్నది. వన్యప్రాణి చట్టము దేనిని కాల్చవచ్చునో చెప్పుచున్నది. దేనితో కాల్చవలెనో, ఎంత దూరమునుండి కాల్చవలెనో ఈ రెండు చట్టములును చెప్పుటలేదు. అడవిపందులను చంపుట కనుమతించు ప్రతి యుత్తరువునందును మూడు షరతులు చేర్చుట కష్టమైన పని కాదు. జర్మనులవలె 100 మీటర్లవద్ద 2,000 జౌళ్లకు తగ్గని బలమును, విచ్చుకొను గుండును విధింపవలెను. కాల్చువాడు గురిపలకపై తన నేర్పును నిరూపించుకొనవలెను. గాయపడిన మృగమును వెదకి ప్రాణము తీయు బాధ్యతను వానిపై నుంచవలెను. రైఫిలు లేని రైతు తానే కాల్చ బూనుకొనక, నేర్పుగలవానిని పిలిపించుకొను సదుపాయమును జిల్లా యధికారి కల్పింపవలెను. ఇట్లు చేసినచో పైరును దక్కును, మృగమునకు చిత్రవధయు తప్పును.

ఒకనాడు వేటగాండ్రు తుపాకి భుజమున వైచుకొని వెదకిన కృష్ణజింక నేడు ఆంధ్రప్రదేశమునకును, దుప్పి తెలంగాణమునకును రాష్ట్రమృగములై గౌరవ మందుచున్నవి. వానిపై తూటా నెన్నుకొను కాలము గడచినది, గడచుటయే మంచిది. కాని పొలము గట్టున నిలిచిన అడవిపందికి రాష్ట్రచిహ్నపు గౌరవము లేదు. దానిని చంపక తప్పదని రాజ్యము నిర్ణయించినపుడు, ఒక్క దెబ్బతో చంపవలెనను నియమమైన దానికి దక్కవలెను. ఆ నియమమును విధించు నధికారము ప్రభుత్వము చేతిలోనే యున్నది.